టెక్నాలజీని కావాలని ఆపడం అయ్యే పనేనా?

ప్రశ్న (అనుమానం_పక్షి):
ఏఐని కొన్నాళ్లు ఆపాలని కొందరు, ఆపడం ఎవరి తరమూ కాదని కొందరు, రోజూ ఇదే గోల. అసలు మన దేశంలో గవర్నమెంటు ఏదైనా టెక్నాలజీని ఆపితే అది నిజంగా ఆగిందా ఎప్పుడైనా?

వంగతోట:
ఆగింది కదండీ, బీటీ వంకాయ, అదే పురుగు పట్టకుండా జన్యువు మార్చిన రకం. 2009లో ఇలాంటి జన్యుమార్పిడి పంటల్ని పరిశీలించే కేంద్ర కమిటీ జీఈఏసీ ఓకే అనేసింది, అప్పటి మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో కలిపి ఏడు ఊళ్లలో జనం మాట విని 2010 ఫిబ్రవరి 9న మారటోరియం పెట్టారు, అంటే ప్రస్తుతానికి ఆపేశారు, ఇప్పటికీ మన దగ్గర పర్మిషన్ లేదు. పక్కనే బంగ్లాదేశ్‌లో 2014 నుంచి పండిస్తున్నారు. మన దగ్గర 2019లో హర్యానాలో ఒక చేలో బయటపడింది, అది వేరే సంగతి.

నల్లరేగడి:
మా దిక్కు పత్తి సంగతి గూడ జెప్పున్రి అన్నా. 2002ల బీటీకి పర్మిషన్ ఇచ్చిన్రు గానీ గడ్డి మందు తట్టుకునే రకానికి ఇయ్యలే. అయితేంది, గా రకమే బీజీ-3 అని లూజు ప్యాకెట్లు వస్తనే ఉన్నయ్, బిల్లుండది, మొలవకపోతే అడగనీకి దిక్కుండది. అమ్మెటోళ్ల మీద పీడీ యాక్టు పెట్టి విచారణ లేకుండనే లోపలేసినా ఆగలే. ఎందుకంటే వాన పడి కలుపు లేసిందంటే ఊరంతటికీ ఒక్కటే వారంల కూలోళ్లు గావాలె, దొరకరు, దొరికినా గిట్టదు. ఈ రకమైతే ఒక్క మనిషి ట్యాంకు ఏసుకొని సాలు ఎంబడి కొట్టుకుంట పోతడు, గడ్డి మాడిపోతది, పత్తి చెట్టుకు ఏం గాదు. వంకాయ ఆగిందంటే రైతుకు అంత అక్కర లేకనే.

వంగతోట:
అక్కర లేకేం, కాయతొలిచే పురుగుకి మందు కొట్టీ కొట్టీ విసిగిపోతారు. విత్తనం బజార్లోకి రాకముందే ఆపారు, అందుకే ఆగింది. పత్తిది ముందే బయటికొచ్చేసింది.

మగ్గం_గుంట:
చేనేతకి 1985లో చట్టమే ఉంది, ఫలానా రకాలు పవర్‌లూమ్ మీద నెయ్యకూడదని. మొదట 22 రకాలు, తర్వాత 11కి తగ్గించారు. షాపుల్లో పోచంపల్లి అని అమ్మేవాటిల్లో ప్రింటు చీరలు ఎన్నో, తిప్పి చూడండి, వెనక రంగు వెలిసినట్టుంటే ప్రింటే, నూలుకి ముందే రంగు అద్ది నేసే ఇక్కత్‌కి రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఏ షెడ్డులో ఏం నేస్తున్నారో చెక్ చేసేదెవరు?

అనుమానం_పక్షి:
అయితే ఏఐ కూడా అంతేనా?

వంగతోట:
సాఫ్ట్‌వేర్ అయితే బీజీ-3 లాగే, ఒకసారి బయటికొస్తే అంతే సంగతులు. ఏఐ నడవడానికి కావాల్సిన చిప్పుల దగ్గర మాత్రం పట్టుకోవచ్చు. వాటిల్లో టాప్ రకానికి కావాల్సిన, చిప్పు మీద అతి సన్నటి గీతలు ముద్రించే ఈయూవీ మెషీన్లు చేసేది ప్రపంచం మొత్తంలో నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎంఎల్ ఒక్కటే, చైనాకి వాటిని అమ్మనివ్వట్లేదు.

నల్లరేగడి:
గది చైనాను ఆపుడు అన్నా, ఏఐని ఆపుడు గాదు.