అప్‌డేట్: విశాఖ నుంచి సిడ్నీ దూరం, సమయం లెక్క తేలింది

విశాఖ నుంచి సిడ్నీకి ఎంత దూరం, ఎక్కడ విమానం మారితే మంచిదని అడిగాను కదా. జవాబులన్నీ సరిచూశాక తేలింది ఇది.

నేరు దూరం సుమారు 9,200 కిలోమీటర్లు. గ్లోబు మీద విశాఖ నుంచి సిడ్నీకి దారం బిగించి లాగితే అది సింగపూర్‌ను దాదాపు ఆనుకునే పోతుంది. అందుకే సింగపూర్ మీదుగా (2,900 + 6,300) వెళ్తే చుట్టు తిరుగుడు లేనట్టే. ఢిల్లీ మీదుగా అయితే ముందు 1,360 వెనక్కి, అక్కణ్ణుంచి 10,400 పైగా. రెండున్నర వేల కిలోమీటర్లు వృథా.

గాల్లో సమయం సింగపూర్ దాకా 4, అక్కణ్ణుంచి 8, అంటే 12 గంటలు. నేను తికమకపడింది గడియారం దగ్గర. టికెట్ మీద ఉండేవన్నీ ఏ ఊరి టైము ఆ ఊరిదే. విశాఖలో రాత్రి 11కి ఎక్కితే సింగపూర్‌లో దిగేది తెల్లవారి 5:30కి. 3 గంటలు ఆగి బయల్దేరితే సిడ్నీలో సాయంత్రం 6:30. తేడా 19 గంటల 30 నిమిషాలు కనిపిస్తుంది. సిడ్నీ గడియారం మనకంటే 4 గంటల 30 నిమిషాలు ముందుంటుంది కాబట్టి, అందులో ఆ 4:30 తీసేస్తే అసలు ప్రయాణం 15 గంటలు. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా సిడ్నీ గడియారం ఇంకో గంట ముందుకు జరుగుతుంది, అప్పుడు 5:30 తీసేయాలి.

ఒక్క జాగ్రత్త: రెండు వేర్వేరు టికెట్లు కొంటే సింగపూర్‌లో ఇమిగ్రేషన్ దాటి లగేజీ తీసుకుని మళ్లీ చెకిన్ చేయాల్సి రావచ్చు. దానికి 3 గంటలు చాలకపోవచ్చు, పైగా వీసా సంగతి ముందే చూసుకోవాలి. ఒకే పీఎన్‌ఆర్ మీద బుక్ చేయడమే నయం.