మున్సిపాలిటీ పాత ట్రాక్టర్, గడ్డి మిషన్లు: మార్చాలా, ఇంకా లాగించాలా?

డివైడర్ మొక్క: అందరికీ నమస్తే. నల్లగొండ జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీలో పార్కులు, డివైడర్ల పని చూస్తాను. ఒక ట్రాక్టర్, దానికి నీళ్ల ట్యాంకర్, గడ్డి కోసే బ్రష్ కట్టర్లు నాలుగు ఉన్నాయి. ట్రాక్టర్ 2009 నాటిది. కట్టర్లు రెండు స్టోర్ రూంలో మూలకు పడ్డాయి. మొన్న ఎండాకాలం ట్రాక్టర్ రిపేరుకు పది రోజులు షెడ్డులో ఉంటే డివైడర్ మొక్కలు సగం మాడిపోయాయి. పైవాళ్లేమో ఇంకో ఏడాది నెట్టుకురమ్మంటున్నారు. మీ దగ్గర ఏం చేశారు?

పాలమూరోడు: 2009 బండి అయితే నెట్టుకొచ్చే ముచ్చటే లేదన్నా. 15 ఏళ్లు దాటిన సర్కారు బండ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ లేదు. కేంద్రం రూల్. మున్సిపాలిటీలు, పంచాయతీల బండ్లకు కూడా అంతే. పాత బండిని వేలంలో ఎవరో రైతుకు అమ్మేద్దాం అనుకోకండి, రిజిస్టర్డ్ స్క్రాప్ సెంటర్‌కే పోవాలి. ఫైల్‌లో మొదటి లైను ఇదే రాయండి. మొక్కలు మాడాయంటే ఎవరూ కదలరు, రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డు మీద ఎవరినైనా గుద్దితే బాధ్యత ఎవరిదంటే కదులుతారు. డబ్బుల సంగతికొస్తే, 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం మొక్కల కోసం గ్రీన్ బడ్జెట్ ఉంది కదా, ట్యాంకర్‌కు అందులోంచి అడిగి చూడండి.

మిర్యాలగూడ మెకానిక్: ట్రాక్టర్ సరే. ఆ కట్టర్లు మాత్రం పారేయకండి సార్. మా షాపుకు వచ్చే వాటిలో ఎక్కువ శాతం పిస్టన్ పట్టేసినవే. టూ స్ట్రోక్ మిషన్ అంటే పెట్రోల్‌లోనే ఇంజిన్ ఆయిల్ కలిపి పోయాలి, వీళ్లేమో వట్టి పెట్రోల్ పోస్తారు. లీటరుకు 20 మి.లీ. కలపాలా, 40 కలపాలా అనేది మిషన్‌ను బట్టి ఉంటది, బుక్కులో చూసి ట్యాంకు మీద పెయింట్‌తో రాయించండి. కొత్తవి కొంటే ఫోర్ స్ట్రోక్ తీసుకోండి. కొంచెం బరువు, కానీ కలిపే బాధ లేదు. ఇంకోటి, మొక్కల మొదళ్ల దగ్గర బ్లేడు వద్దు, బ్లేడు బదులు బిగించే నైలాన్ తాడు కూడా దగ్గరికి పోనీయొద్దు. బెరడు చుట్టూ లేచిందంటే నీళ్లు పోసినా ఆ మొక్క బతకదు. మీరు ఎండకు మాడాయి అనుకుంటున్న వాటిలో అవి ఎన్నో!

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తున్నారా? మన దిక్కు నీళ్లకు లోపల సున్నం పేరుకుంటది. ఇంజిన్ హీటెక్కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) పోతది. కొత్త ట్రాక్టర్ తెచ్చినా అదే నీళ్లు పోస్తే అదే కథ.

దేవరకొండ టు మిన్నెసోటా: ఇక్కడ మాకు బోరు నీళ్ల బదులు ఉప్పు 😀 చలికాలంలో సిటీ ట్రక్కులకు ముందు మంచు నెట్టే బ్లేడు, వెనక ఉప్పు చల్లే డబ్బా బిగిస్తారు. అదే ఉప్పు ట్రక్కు ఛాసిస్‌ను, బ్రేకు పైపులను తినేస్తుంది. డ్యూటీ దిగగానే కడుగుతారు, అయినా తుప్పు ఆగదు. మా పక్కింటాయన సిటీ గ్యారేజీలో చేస్తాడు. బండి ఏ సంవత్సరం అని కాదు, ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగింది, రిపేర్లకు ఎంతయింది అని లెక్క రాసి కౌన్సిల్ ముందు పెడతారట. మన ట్రాక్టర్లకూ అవర్ మీటర్ ఉంటుందిగా?

పాలమూరోడు: ఉంటది. దాన్ని చూసినోడే ఉండడు.

డివైడర్ మొక్క: పొద్దున పోయి చూశాను. మీటర్ 2,114 దగ్గర ఆగిపోయి ఉంది. ఎప్పుడు ఆగిందో డ్రైవరన్నకు కూడా గుర్తులేదు. రేడియేటర్ మూత తీస్తే తెల్లగా పేరుకుని ఉంది, మెకానిక్ అన్న చెప్పినట్టే. రిజిస్ట్రేషన్ కాపీ పెట్టి ట్రాక్టర్‌కు నోట్ రాస్తున్నాను. కట్టర్లు రెండూ ఆదివారం మిర్యాలగూడ తీసుకొస్తా అన్నా, షాపు తెరిచి ఉంటుందా?

మిర్యాలగూడ మెకానిక్: మధ్యాహ్నం దాకా ఉంటా సార్. పెట్రోల్ ఒంపేసి తీసుకురండి.