నిమ్మకాయ పిండితే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పోతుందా?

చౌటుప్పల్ చిన్నోడు
మా చుట్టాలది మర్రిగూడ వైపు. ఇంటికి కృష్ణా నీళ్లు వస్తున్నా, పొలాల దగ్గర దాహమేస్తే బోరు నీళ్లే తాగుతారు. గ్లాసు నీళ్లలో అర చెక్క నిమ్మ పిండితే ఫ్లోరైడ్ విరిగిపోతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. కాలేజీ ల్యాబ్‌లో ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ పెట్టి చూశా. ఉత్త నీళ్లలో లీటరుకు 3.1 మిల్లీగ్రాములు, నిమ్మరసం కలిపాక 1.2. మన ప్రమాణం 1, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. అంటే పనిచేసినట్టే కదా?

నీటిబొట్టు
తమ్ముడూ, పీహెచ్, అంటే నీళ్ల పులుపు కొలత, ఎంతుందో చూశావా? ఆ పీహెచ్‌ను నిలకడగా ఉంచే బఫర్ ద్రావణం కలిపావా? నీళ్ల పరీక్షలే నా ఉద్యోగం కాబట్టి ముందు అదే అడుగుతా.

ఆ ఎలక్ట్రోడ్ మొనలో ఉండేది లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం. విడిగా తిరిగే ఫ్లోరైడ్ అయాన్‌నే అది గుర్తుపడుతుంది. నిమ్మరసంతో నీళ్లు పులిసి పీహెచ్ 3 దగ్గరకు వస్తే, సగానికి పైగా ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో కలిసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంగా మారుతుంది. ఎలక్ట్రోడ్‌కు అది కనపడదు. నీ 3.1 అలా 1.2 అయింది. గ్లాసులోంచి ఒక్క చుక్క ఫ్లోరైడ్ కూడా బయటికి పోలేదు, తాగినవాళ్ల ఒంట్లోకి మొత్తం వెళ్తుంది.

రంగు చూసే కిట్ వాడినా మోసపోతాం, కాకపోతే అటువైపు. అందులో జిర్కోనియం, ఒక రంగు కలిసి ఉంటాయి. ఫ్లోరైడ్ జిర్కోనియాన్ని లాక్కుంటే రంగు మారుతుంది. నిమ్మలోని సిట్రేట్ కూడా జిర్కోనియాన్ని లాక్కుంటుంది, దాంతో లేని ఫ్లోరైడ్ ఉన్నట్టు చూపించొచ్చు.

కనిగిరి మాస్టారు
అమ్మా, నిమ్మను అంత తేలిగ్గా తీసెయ్యకండి. ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు దేశంలో మొదట బయటపడింది మా వైపే, 1937లో, అప్పటికి ఇదంతా నెల్లూరు జిల్లా. నడుం వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగినవాణ్ని. పాలు, ఆకుకూరలు, సి విటమిన్ ఉన్న పళ్లు తినమని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థవాళ్లు బడిపిల్లలకు రోజూ చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని 2002లో అచ్చయింది. పులుపుకు విలువ లేదంటే ఎలా?

నీటిబొట్టు
మాస్టారూ, తిండి సంగతిలో మీ మాటే నా మాట. పేదింట్లో పాలూ పళ్లూ లేకపోవడం వల్లే ఈ జబ్బు ఇంకా ముదురుతుంది. నేను కాదంటున్నది ఒక్కటే, నిమ్మ పిండగానే నీళ్లు బాగుపడ్డాయన్న మాట. చింతపండు తిన్న పిల్లల ఒంట్లోంచి ఫ్లోరైడ్ పోయిందంటే, వాళ్లు తాగే నీళ్లలోంచి పోయినట్టు కాదు. ఈ మెసేజ్ నమ్మి రోజంతా బోరు నీళ్లు తాగే కూలీ గురించే నా భయం.

నీళ్లలోంచి ఫ్లోరైడ్ పోవాలంటే అది నీళ్ల నుంచి విడిపోవాలి. నల్గొండ పేరు పెట్టుకున్న పద్ధతిలో జరిగేది అదే: పటికా సున్నం వేసి కలిపితే తెల్లటి తెట్టు కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందకి దిగుతుంది, పైన తేరిన నీళ్లు వంపుకుంటారు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు తయారుచేశారు. ఆ నీళ్లలో కూడా వెంటనే నిమ్మ పిండకండి, మిగిలిన అల్యూమినియం సిట్రేట్‌తో కలిస్తే ఒంటికి ఎక్కువగా పడుతుంది. మరగబెట్టడం ఇంకా చెడ్డది, నీళ్లు ఇగిరేకొద్దీ ఫ్లోరైడ్ చిక్కబడుతుంది.

బత్తాయి రైతు
అక్కా, మా తోటకు పారేది కూడా బోరు నీళ్లే. మరి కాయల్లోకి ఎక్కుతుందా?

నీటిబొట్టు
వేళ్లు కొంత పీల్చుకుంటాయి, కానీ ఎక్కువ భాగం ఆకుల్లోనే నిలుస్తుంది, పండులోకి వచ్చేది తక్కువ. కాయలు తినండి, అమ్ముకోండి. తోటలో పనిచేసేవాళ్లకు మాత్రం క్యాన్లలో మంచినీళ్లు తెచ్చిపెట్టు.

చౌటుప్పల్ చిన్నోడు
మీ మాట మీద నమ్మకముంది అక్కా, కానీ కళ్లతో చూస్తే తప్ప మా వాళ్లు ఒప్పుకోరు.

నీటిబొట్టు
అయితే చూపించు. అదే నిమ్మ నీళ్లు తీసుకుని, ఫ్లోరైడ్ పరీక్షకు వాడే టిసాబ్ అనే బఫర్ సమపాళ్లలో కలుపు. పీహెచ్ 5 పైకి వచ్చిందో లేదో చూసుకో, రాకపోతే కొద్దిగా కాస్టిక్ సోడా ద్రావణం చుక్కలు వెయ్యి. ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన ప్రామాణిక ద్రావణాలకూ అదే బఫర్ అదే పాళ్లలో కలపాలి. నిమ్మ లేని నీళ్లకూ అలాగే బఫర్ కలిపి పక్కనే పెట్టుకుని రెండూ చదువు, దాదాపు ఒకటే వస్తాయి. రెండు రీడింగులూ ఫోటో తీసి ఇక్కడ పెట్టు, ఆ వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టు.