చర్చ: దేవుడు నిజంగా ఉంటే? నమ్మనివాళ్ళకు ఆ గుబులు ఉంటుందా?

కొల్లేటి కొంగ
"ఒకవేళ ఉంటే ఏం చేస్తావ్?" నమ్మనివాళ్ళను చుట్టాలంతా అడిగేది ఇదే. లేకపోతే పోయేదేం లేదు, ఉంటే మాత్రం మునిగావు అంటారు. ఈ లెక్కలో లొసుగు ఎక్కడుంది? లెక్క తప్పని తెలిశాక కూడా గుబులు పోకపోతే ఏం చేయాలి? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. "ధైర్యంగా ఉండాలి" లాంటి జవాబులు వద్దు, ప్లీజ్.

లెక్కల మాస్టారు
ఇది ఫ్రెంచ్ గణితవేత్త పాస్కల్ వేసిన పందెం. ఆయన 1662లో పోయాడు, ఇది రాసుకున్న కాగితాలు 1670లో అచ్చయ్యాయి. పరలోకం గురించి సంస్కృతంలోనూ ఇదే ధోరణి ఉంది: "యది నాస్తి తతః కిం స్యాత్, అస్తి చేన్నాస్తికో హతః." అంటే, లేకపోతే ఏమవుతుంది, ఉంటే మాత్రం నాస్తికుడు చచ్చాడే.

లెక్క ఇలా నడుస్తుంది. స్వర్గం విలువ అనంతం. దేవుడుండే అవకాశం సున్నా కాకపోతే చాలు, ఎంత చిన్నదైనా అనంతంతో గుణిస్తే అనంతమే వస్తుంది. ఇక్కడ వదులుకునేది ఎంతైనా పరిమితమే. కాబట్టి నమ్మడమే లాభం.

లొసుగు ఆ అనంతంలోనే ఉంది. నాణెం ఎగరేసి బొమ్మ పడితేనే నమ్ముతాను అన్నవాడికి వచ్చేది అనంతంలో సగం, అంటే అదీ అనంతమే. లాటరీ తగిలితేనే నమ్ముతానన్నవాడికీ అంతే. రోజూ పూజ చేసేవాడికీ, లాటరీ వాడికీ ఈ లెక్కలో తేడా రాదు. తత్వవేత్తలు డఫ్ 1986లో, హాయెక్ 2003లో చూపించింది ఇదే. పోనీ అనంతం తీసేసి ఏదో పెద్ద అంకె పెడదామంటే, దేవుడుండే అవకాశం ఎంతో తేల్చాలి. ఏ వాదాన్ని తప్పించుకోవడానికి పందెం వేశారో మళ్ళీ అందులోకే వచ్చి పడతాం.

రెండోది అందరికీ తెలిసిందే: ఏ దేవుడు? ఇదే మాట ఒక ఇమామ్ కూడా అనగలడని ఫ్రెంచ్ రచయిత దిద్రో 18వ శతాబ్దంలోనే అన్నాడు.

ఓరుగల్లు తోరణం
మాస్టారూ, ఆ లాభనష్టాల పట్టిక హిందూ ఇళ్ళకు సరిగ్గా అతకదు. కొందరికి శాశ్వత నరకం ఉందనే మధ్వ మతాన్ని పక్కన పెడితే మన నరకాలకు గడువుంది. అనుభవించాక మళ్ళీ జన్మ. అనంతమైన నష్టం అనే గడే ఖాళీ. పైగా మీమాంసకులు (వేదంలోని యాగవిధులను విచారించిన పండితులు) వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకుంటూనే, ఫలం ఇవ్వడానికి ఈశ్వరుడు అక్కర్లేదన్నారు. యాగం వల్ల పుట్టే కంటికి కనిపించని శక్తి, 'అపూర్వం', చాలన్నారు.

మన దగ్గర గుబులు వేరే చోట ఉంటుంది. మొక్కు తీర్చలేదు, తద్దినం మానేశారు, ఏలినాటి శనికి శాంతి చేయించలేదు. దెబ్బ తగిలేది తనకు కాదు, పిల్లలకో అమ్మానాన్నలకో. అందుకే తన సంగతిలో మొండిగా ఉండేవాడు కూడా బిడ్డకు జ్వరం వస్తే మెత్తబడతాడు. కాకపోతే ఇందులో ఒక సౌకర్యం ఉంది: ఈ భయాలు ఈ లోకానికి సంబంధించినవి, పరీక్షకు నిలబడాల్సిందే. చచ్చాక వచ్చే నరకానికి ఆ బాధ లేదు.

పురుటిగది
పరీక్ష అంటే ఎలాగో ఒకటి చెబుతా. గ్రహణం మొర్రి. కడుపుతో ఉన్నామె గ్రహణం వేళ బయటికొస్తే బిడ్డకు పెదవి చీలుతుందంటారు. బిడ్డ పై పెదవి కలుసుకునేది గర్భం 4–7 వారాల మధ్య, అంగిలి 6–9 వారాల మధ్య. ఏడో నెలలో గ్రహణం వస్తే అప్పటికి పెదవి ఏర్పడిపోయి చాలా కాలమై ఉంటుంది. 4–7 వారాలప్పుడు చాలామందికి గర్భం వచ్చిన సంగతే తెలియదు, ఏ జాగ్రత్తా పాటించరు. మొర్రికి తెలిసిన కారణాలు జన్యువులు, పొగతాగడం, ముందునుంచే ఉన్న షుగర్, కొన్ని మూర్ఛ మందులు. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు గర్భానికి ముందునుంచే వేసుకోమనేది ప్రధానంగా వెన్నుపాము లోపాలు రాకుండా.

గదిలో కదలకుండా, పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా గంటల తరబడి కూర్చోబెట్టడమే అసలు ప్రమాదం. సూర్యగ్రహణాన్ని చూడాలంటే ఐఎస్ఓ 12312-2 (సూర్యుణ్ణి చూసే అద్దాల ప్రమాణం) గుర్తున్న కళ్ళద్దాలతోనే చూడాలి. అది అందరికీ వర్తిస్తుంది, గర్భిణులకు ప్రత్యేకం కాదు.

బెజవాడ బందరు రోడ్డు
అసలు భయం పైవాడిది కాదండీ, పక్కవాడిది. నాస్తిక భావాల వల్ల గోరా (గోపరాజు రామచంద్రరావు) ఉద్యోగం 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో పోయింది. 1939లో బందరు హిందూ కాలేజీలోనూ అంతే. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టింది ఆ తర్వాతే.

సగం చదివిన పుస్తకం
పక్కవాడి భయం నిజమే, కానీ అదొక్కటే అనలేం. ఫిన్లాండ్‌లో 2014లో ఒక ప్రయోగం అచ్చయింది. "దేవుడా, మా అమ్మానాన్నలను ముంచెయ్, చూద్దాం" తరహా వాక్యాలను పైకి చదివించి, వేళ్ళ చెమటను కొలిచారు. భక్తులకున్నంత ఇబ్బంది తమకు లేదని నాస్తికులు చెప్పారు. చెమట మాత్రం భక్తులకు పట్టినంతే పట్టింది. దీన్ని పట్టుకుని "లోపల అందరూ భక్తులే" అనేవాళ్ళున్నారు, అది తొందరపాటు. అమ్మానాన్నలను ముంచమనే మాట ఎవరినైనా కలవరపెడుతుంది. అయితే దేవుడి పేరు లేకుండా ఊరికే కోరుకున్న వాక్యాలకంటే దేవుణ్ణి పిలిచి సవాలు చేసినప్పుడు నాస్తికులకు కలవరం ఎక్కువైంది. నమ్మకం పోయాక కూడా అలవాటు ఒంట్లో ఉంటుందనుకోవచ్చు. నమ్మలేనివాడికి పాస్కల్ చెప్పిన చిట్కా కూడా అలవాటే కదా: తీర్థజలం తీసుకో, పూజలు చేయించు, నమ్మకం అదే వస్తుంది.

లెక్కల మాస్టారు
దీనికి ఎదురు ఉదాహరణ డేవిడ్ హ్యూమ్, మతాన్ని నమ్మని స్కాట్లాండ్ తత్వవేత్త. చావుకు దగ్గరపడ్డవాడు జంకుతాడేమో చూద్దామని రచయిత బాస్వెల్ 1776 జులై 7న ఎడిన్‌బరోలో ఆయన ఇంటికి వెళ్ళాడు. పుట్టకముందు లేననే ఆలోచన ఎంత బాధిస్తుందో, ఇక ఉండననేదీ అంతే బాధిస్తుందన్నాడు హ్యూమ్. కలవరపడి తిరిగొచ్చింది బాస్వెలే. హ్యూమ్ ఆగస్టు 25న పోయాడు. ఒక్క మనిషి శాంపిల్ కాదనుకోండి. 2018లో సుమారు వంద పరిశోధనలను కలిపి చూశారు. సగానికి పైగా వాటిలో మతానికీ చావు భయానికీ సంబంధమే కనిపించలేదు. సంబంధం నేరుగా కాక వంపుగా, అంటే మధ్యలో ఎక్కువగా రెండు చివర్లా తక్కువగా, ఉందా అని చూసిన కొద్దింటిలో మాత్రం గట్టి భక్తులకూ, గట్టి నాస్తికులకూ భయం తక్కువ, ఊగిసలాడేవాళ్ళకు ఎక్కువ.

కొల్లేటి కొంగ
మరి ఊగిసలాడేవాళ్ళు ఏం చేయాలి?

నిద్రగన్నేరు
ముందు భయాన్ని పూర్తి వాక్యంగా రాయాలి. "ఏదో అవుతుంది" అని రాస్తే పనికిరాదు. ఏ దేవుడు, ఏ తప్పుకు, ఎవరికి, ఎన్నాళ్ళలో, ఏం చేస్తాడు? గడువు రాసిన భయాలను తేదీ వేసి దాచండి. గడువు దాటాక తీసి చూడండి, ఏమీ జరగనివి కూడా లెక్కలోకి రావాలి.

తర్వాత ఒక్కోటి ఎంత భయపెడుతుందో 0 నుంచి 100 దాకా మార్కులు వేయండి. 30–40 దగ్గరున్న దానితో మొదలుపెట్టాలి, ఉదాహరణకు మంగళవారం గోళ్ళు తీసుకోవడం. తీసుకున్నాక పరిహారం చేయకూడదు. బెరుకు దానంతట అది దిగేదాకా అలాగే ఉండాలి. చాలామంది దగ్గర ఇక్కడే చెడుతుంది. "దేనికైనా మంచిది" అని చివర్లో ఓ దణ్ణం పెట్టేస్తారు, దాంతో ఆ దణ్ణమే కాపాడిందని మెదడు రాసుకుంటుంది. మనసులో పాస్కల్‌తో పదేపదే వాదించుకోవడం కూడా ఆ దణ్ణం లాంటిదే. ఇంకోటి: ఇంట్లోవాళ్ళ దేవుడి పటాల మీద ప్రయోగాలు వద్దు. అది వాళ్ళతో గొడవ, మీ భయానికి మందు కాదు.

ఇలాంటి ఆలోచనలు, పరిహారాలు రోజుకు గంటకు పైగా తినేస్తున్నా, నిద్రా పనీ చెడుతున్నా అది మతం చర్చ కాదు, ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు పదేపదే తరిమే జబ్బు) కావచ్చు. పైన చెప్పిన పద్ధతినే అప్పుడు సైకాలజిస్టు దగ్గరుండి చేయిస్తారు, అవసరమైతే సైకియాట్రిస్టు మందులిస్తారు. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. భక్తులకూ ఇదే జబ్బు, ఇదే వైద్యం. కాబట్టి దేవుడున్నాడో లేడో తేలేదాకా ఆగనక్కర్లేదు.