వెండి దెనారియస్ మీద రెక్కల ఆవిడ ఎవరు?

ప్రశ్న:
వేలంలో ఒక రోమన్ దెనారియస్ (పాత వెండి నాణెం) కొన్నాను, సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి కాలంది. పాత పావలా బిళ్ళంత ఉంది, బరువు 3 గ్రాములకి కాస్త పైన. బొమ్మ వైపు గడ్డం చక్రవర్తి, బొరుసు వైపు రెక్కలున్న ఒకావిడ చేతిలో ఏదో పట్టుకుని పరుగెత్తుతోంది, చుట్టూ ‘విక్ట్ పార్ట్ మాక్స్’ అని ఉంది. దేవదూతా? ఇంకో టెన్షన్, అంచు దగ్గర ఎర్రగా రాగి కనిపిస్తోంది. మోసపోయానా?

జవాబు 1:
దేవదూత కాదండీ, విక్టోరియా. రోమన్ల విజయదేవత, గ్రీకులకు నైకీ. కుడిచేతిలో ఆకుల దండ, ఎడమ భుజం మీద ఖర్జూరపు మట్ట ఉండాలి, లైటు కింద కాస్త వంచి చూడండి. రోమ్ తొలి చక్రవర్తి అగస్టస్ క్రీ.పూ. 29లో సెనేట్ భవనంలో ఈవిడ విగ్రహం పెట్టించాడు, తర్వాత వచ్చినవాళ్ళూ గెలుపు చాటుకోవాలంటే నాణేల మీద ఈవిడనే ఎక్కించారు. మీ నాణెం మీద రాతకి అర్థం పార్థియన్ల (ఇరాన్ వైపు సామ్రాజ్యం వాళ్ళు) మీద గొప్ప విజయం అని. సెవెరస్ వాళ్ళ రాజధాని టెసిఫాన్‌ని కొల్లగొట్టి క్రీ.శ. 198లో ‘పార్థికస్ మాక్సిమస్’ బిరుదు పెట్టుకున్నాడు. అదే దండయాత్రలో హత్ర కోటని రెండుసార్లు ముట్టడించి రెండుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చాడు, దానికి మాత్రం నాణెం లేదు!

జవాబు 2:
రాగి కనిపించిందని నకిలీ అనుకోవద్దు. నీరో చక్రవర్తి క్రీ.శ. 64లోనే దెనారియస్ బరువూ వెండీ తగ్గించాడు, సెవెరస్ సైన్యం జీతాలు పెంచి, దెనారియస్‌లో వెండిని దాదాపు సగానికి దించేశాడు. ఒకపక్క విజయం విజయం అని కొట్టుకుంటూ ఇంకోపక్క రాగి కలపడం, నాకైతే అదే అసలు కథ. అయితే రాగి బిళ్ళకి వెండి రేకు తొడిగిన దొంగ నాణేలు ఆ రోజుల్లోనే ఉండేవి, అందుకే అంచు ఫొటో పెట్టండి, పొర లేస్తోందేమో చూద్దాం. దయచేసి చింతపండుతో మాత్రం తోమకండి.

జవాబు 3:
మాది నల్గొండ. మా జిల్లా అక్కన్‌పల్లిలో ఒకే చోట 1,500కి పైగా దెనారియస్‌లు దొరికాయి, అన్నీ అగస్టస్, ఆయన తర్వాతి చక్రవర్తి టైబీరియస్ కాలాలవి, అంటే నీరో చెయ్యి పడకముందు నాటి మంచి వెండి. మన దేశంలో దొరికే టైబీరియస్ నాణేల మీద రెక్కల ఆవిడ కాదు, కుర్చీలో కూర్చున్నావిడ ఉంటుంది. కొన్నిటికి చక్రవర్తి మొహం మీదే ఉలి గాటు కూడా!

ప్రశ్న అడిగినవారు:
మట్ట కనిపించిందండీ, థాంక్స్. ఫొటో రేపు పెడతా. చింతపండు సంగతి నిన్న చెప్పుంటే బాగుండేది... అంచు ఒక్కటే తోమాను, ఒట్టు.