కమాండ్ ప్రాంప్ట్‌లో పనిచేసే ఐఎన్‌టీఎల్ ఎక్స్‌టెన్షన్ అపాచీలో లోడ్ కావట్లేదు, సాయం చేయండి

అందరికీ నమస్కారమండీ. మా బాబాయి ఎరువుల కొట్టుకి బిల్లింగ్ పేజీ రాస్తున్నాను. విండోస్ 11, జాంప్ (అపాచీ వెబ్ సర్వర్, పీహెచ్‌పీ కలిసి వచ్చే ప్యాకేజీ), పీహెచ్‌పీ 8.2. మొత్తాలు 1234567 అని కాకుండా మన పద్ధతిలో 12,34,567 అని కామాలతో రావాలి, అందుకే ఐఎన్‌టీఎల్‌లో (అంకెలు, తేదీలను ఆయా భాషల పద్ధతిలో చూపే పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్) ఉండే నంబర్‌ఫార్మాటర్ క్లాస్ వాడాను.

కమాండ్ ప్రాంప్ట్‌లో నడిపితే చక్కగా వస్తోంది. అదే ఫైల్ బ్రౌజర్‌లో తెరిస్తే ఆ క్లాసే లేదంటూ ఎర్రర్.

పీహెచ్‌పీ సెట్టింగులుండే ఐఎన్ఐ ఫైల్లో ఐఎన్‌టీఎల్ వరుస ముందున్న సెమికోలన్ తీసేసి అపాచీని రీస్టార్ట్ చేశాను. కమాండ్ ప్రాంప్ట్, అపాచీ రెండూ వేర్వేరు ఐఎన్ఐ ఫైళ్లు చదువుతున్నాయేమోనని అదీ చూశాను, ఒకటే ఫైల్. అపాచీ ఎర్రర్ లాగ్‌లో మాత్రం ఐఎన్‌టీఎల్ డీఎల్ఎల్ లోడ్ కాలేదు, మాడ్యూల్ దొరకలేదు అని ఉంది. తీరా ఎక్స్‌టెన్షన్ల ఫోల్డర్ తెరిస్తే ఆ ఫైల్ ఎదురుగానే ఉంది! అంటే దొరకనిది అది కాదు, దానికి కావాల్సిన ఐసీయూ (భాషల పద్ధతుల సమాచారం ఉండే లైబ్రరీ) డీఎల్ఎల్‌లు అని నా అనుమానం. అవి పీహెచ్‌పీ ఫోల్డర్‌లో ఉన్నాయి, అపాచీ బిన్ ఫోల్డర్‌లో లేవు.

వాటిని బిన్‌లోకి కాపీ చేస్తే సరిపోతుందా? రేపు పీహెచ్‌పీ వెర్షన్ మారిస్తే పాతవి అక్కడే ఉండిపోయి కొత్త తలనొప్పి తెస్తాయేమోనని భయం. పీహెచ్‌పీ ఫోల్డర్‌ని సిస్టమ్ పాత్‌లో చేర్చడం మంచిదా, లేక అపాచీ కాన్ఫిగ్‌లో ఆ డీఎల్ఎల్‌లను ముందే లోడ్ చేయమనే లోడ్‌ఫైల్ వరుసలు రాయడమా? కామాలకైతే సొంత ఫంక్షన్ రాసుకోవచ్చు కానీ, తేదీలు కూడా తెలుగులో కావాలి, అందుకే ఐఎన్‌టీఎల్ పనిచేయాలి.

ఇలాంటిది సరిచేసుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. ఖరీఫ్ అమ్మకాలు మొదలయ్యేలోపు పేజీ కొట్టులో పెట్టాలి, చాలా టెన్షన్‌గా ఉంది.