ఖరీదైన రికార్డు క్లీనింగ్ మెషీన్: పెట్టిన డబ్బుకు గిట్టుబాటవుతుందా?

పాతగాడి
నా దగ్గర నాలుగు వందల దాకా ఎల్పీ రికార్డులున్నాయి. ముప్పాతిక వంతు చేతులు మారి వచ్చినవే. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులు కూడా కొన్ని ఉన్నాయి. ఇప్పటిదాకా కార్బన్ ఫైబర్ బ్రష్షుతో దుమ్ము తీయడం, మరీ మురికిగా ఉంటే స్పిన్-క్లీన్ లాంటి చేత్తో తిప్పే తొట్టెలో కడిగి స్టాండులో ఆరబెట్టడం, అంతే. కొన్నింట్లో చిటపట బాగా తగ్గుతోంది. కొన్నింట్లో ఏ మార్పూ లేదు. కొన్నింట్లో కడిగాకే పెరుగుతోంది!

ఇప్పుడు మురికినీళ్లను పీల్చేసే వ్యాక్యూమ్ మెషీన్ కొనాలా, దానికి ఎన్నో రెట్లు ధర పలికే, నీళ్లలో ధ్వని కంపనాలతో కడిగే అల్ట్రాసోనిక్‌కు వెళ్లాలా అని ఆలోచన. రికార్డు వాయించే టర్న్‌టేబుల్ కంటే కడిగే యంత్రానికే ఎక్కువ పెట్టడం సబబేనా? ఆ డబ్బుకు వినికిడిలో ఏం మారుతుందో, ఏం మారదో తెలిసినవాళ్లు చెప్పండి.

సూదిమొన
మెషీన్ సంగతి తర్వాత చూద్దామండీ. ముందు మీకు వినిపిస్తున్నది మురికో దెబ్బో తేల్చుకోండి. ఎంత పోసి కొన్నా ఆ యంత్రం తీసేది మురికినే.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. 33⅓ వేగంలో రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది, 45లో 1.33. టక్కుమనే చప్పుడు సరిగ్గా అంతే వ్యవధిలో నాలుగైదు సార్లు వస్తే అది గాడులకు అడ్డంగా పడిన గీత. కడిగితే పోదు. నలుసు సాధారణంగా ఒక్క గాడిలోనే ఉంటుంది కాబట్టి ఒక్కసారి టక్కుమని ఊరుకుంటుంది. వరసా లెక్కా లేకుండా చిటపటలాడుతుంటే మురికి కావచ్చు, స్టాటిక్ (రాపిడితో పుట్టే స్థిర విద్యుత్తు) కావచ్చు. పాట గట్టిగా సాగేచోట, అందులోనూ లేబుల్ దగ్గరి గాడుల్లో, గొంతు బరబరమంటే పాత యజమాని అరిగిన సూదితో వాయించి గాడి గోడలను పాడుచేశాడన్నమాట. ఒకే ఛానల్లో గుడ్డ చింపినట్టు కొన్ని సెకన్లు వచ్చి పోతే అచ్చు వేసినప్పుడే వినైల్ (ఎల్పీలు చేసే ప్లాస్టిక్) గాడిలోకి పూర్తిగా నిండలేదు. ఇది సీలు తీయని కొత్త రికార్డులో కూడా ఉంటుంది. మెత్తటి పీవీసీ కవర్లలో ఏళ్ల తరబడి ఉన్నవాటి మీద పొగలాంటి మరక కనిపిస్తే దాని మీదా ఆశ పెట్టుకోకండి.

ఇక కడిగాక చప్పుడు ఎందుకు పెరుగుతోందంటే, తొట్టెలో బ్రష్షు మురికిని గోడల నుంచి ఊడదీస్తుంది గానీ బయటికి తీసుకుపోదు. స్టాండులో పెడితే నీళ్లు ఆవిరైపోయి ఆ మురికీ సబ్బూ గాడి అడుగున పేరుకుంటాయి. అంట్లు తోమి తొలవకుండా ఎండబెట్టినట్టు. కుళాయి నీళ్లు వాడితే సున్నం అదనం.

అందుకని కొనేముందు పైసా పెద్దగా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. గీతలు లేకుండా చిటపట మాత్రమే ఉన్న రికార్డులు మూడు నాలుగు తీయండి. మామూలుగా తొట్టెలో కడిగి, వెంటనే ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోసిన రెండో తొట్టెలో తిప్పండి. శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో గాడుల వెంబడి ఒత్తి తుడవండి. పూర్తిగా ఆరాక వినండి. తేడా తెలిస్తే మెషీన్ మీకు పనికొస్తుంది. ఏమాత్రం తెలియకపోతే ఆ డబ్బు మంచి సూదికి పెట్టండి. సన్నటి మొన ఉన్న సూది గాడి గోడ మీద వేరే చోట ఆనుతుంది కనుక, అరిగిన రికార్డు సైతం కొంత మెరుగ్గా వినిపించవచ్చు.

తడిబ్రష్
పై మాటతో ఏకీభవిస్తాను. వ్యాక్యూమ్ మెషీన్‌లో ఉన్న మంత్రమల్లా ఒక్కటే: మురికినీళ్లు ఆరకముందే గాడిలోంచి పీల్చేయడం. వీపీఐ కంపెనీదైనా ఓకీ నోకీ కంపెనీదైనా సూత్రం ఇదే. మిగతా తేడాలు మోటారు, డబ్బా, చప్పుడు.

ఒక వైపుకి 5 నుంచి 8 మి.లీ. ద్రావణం చాలు. లేబుల్‌కు వేలెడు దూరం వదిలి పోయండి. బ్రష్షును గాడుల వెంబడే ఆనించి రికార్డును రెండు దిశల్లోనూ తిప్పాలి. ఒక నిమిషం నాననివ్వండి, జిడ్డు వేలిముద్రలో బూజో ఉంటే మూడు నిమిషాలు. మధ్యలో ఆరిపోనివ్వకూడదు. పీల్చే గొట్టం దించి రెండు చుట్లు తిప్పండి, అంతకు మించొద్దు. పొడి వినైల్ మీద గొట్టం అంచున ఉండే వెల్వెట్ రాసుకుంటే స్టాటిక్ పుట్టి, గదిలో ఎగిరే దుమ్మంతా వచ్చి అతుక్కుంటుంది. తర్వాత వేరే బ్రష్షుతో ఉత్త డిస్టిల్డ్ వాటర్ 5 మి.లీ. పరిచి మళ్లీ పీల్చాలి. ఈ తొలవడాన్ని ఎగ్గొట్టి మెషీన్ దండగ అనేవాళ్లు చాలామంది.

ద్రావణానికి సీసాలు కొననక్కర్లేదు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చెప్పే పాళ్లు 100 పాళ్ల డీఅయొనైజ్డ్ వాటర్‌కి (లవణాలు తీసేసిన నీళ్లకి) 0.5 పాలు టెర్జిటాల్ 15-ఎస్-7 అనే సబ్బులాంటి ద్రవం. అంటే లీటరుకు 5 మి.లీ. దీంతో కడిగాక తొలవడం తప్పనిసరి. ఎంజైమ్ క్లీనర్ వాడదలిస్తే దాన్ని ఆల్కహాల్‌తో కలపకండి, ఎంజైములు చచ్చిపోతాయి.

ఎక్కడ చెడుతుందో కూడా తెలుసుకోండి. కడిగిన వైపును మురికి పళ్లెం మీదే బోర్లిస్తే చేసిన పనంతా వృథా. రెండో వైపుకి వేరే మ్యాట్ వేయండి. గొట్టం అంచు వెల్వెట్‌ను నాలుగైదు రికార్డులకోసారి బ్రష్షుతో దులపాలి, నూగు అణిగిపోతే మార్చాలి. వంపు తిరిగిన రికార్డు మీద వెల్వెట్ పూర్తిగా ఆనక తడి చార మిగులుతుంది. మురికినీళ్లు చేరే లోపలి డబ్బా నిండితే నీళ్లు మోటారులోకి పోయే ప్రమాదం ఉంది. చప్పుడు ఇంట్లో వ్యాక్యూమ్ క్లీనర్ అంత ఉంటుంది, రాత్రిపూట కుదరదు. చాలా మోడళ్లు ఆపకుండా నడిపితే వేడెక్కుతాయి, పది పదిహేను రికార్డులకు ఒకసారి ఊపిరి తీసుకోనివ్వండి.

కీత్ మాంక్స్, లోరిక్రాఫ్ట్ కంపెనీల తరహా మెషీన్లు వేరే జాతి. సన్నటి నాజిల్, దాని మొనకు దారం, లోపలి నుంచి అంచు దాకా మెల్లగా పీల్చుకుంటూ పోతుంది. వెల్వెట్ గొడవ లేదు, చప్పుడు తక్కువ, పని శ్రేష్ఠం. నెమ్మది మాత్రం చాలా నెమ్మది.

గాడితప్పినవాడు
తడీ పొడీ రెండూ పీల్చే వ్యాక్యూమ్ క్లీనర్ ఇంట్లో ఉంటే దానికి తగిలించే రికార్డు గొట్టం విడిగా దొరుకుతుంది. పాత టర్న్‌టేబుల్ పళ్లెం ఒకటి చాలు, చేత్తో తిప్పుకోవచ్చు. పీల్చే పని దాదాపు అంతే. మామూలు పొడి క్లీనర్‌తో మాత్రం ప్రయత్నించకండి, మోటారులోకి నీళ్లు పోతే షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

బుడగలరాయుడు
అల్ట్రాసోనిక్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను.

నీళ్లలో పుట్టిన సూక్ష్మమైన బుడగలు గాడి గోడల దగ్గర పేలి, బ్రష్షు వెంట్రుక దూరని చోట మురికిని ఊడదీస్తాయి. చవక ట్యాంకులు 40 కిలోహెర్ట్జ్‌లో నడుస్తాయి, బుడగలు పెద్దవి, దెబ్బ గట్టిది. డెగ్రిటర్ అనే ఖరీదైన రెడీమేడ్ మెషీన్‌ది 120 కిలోహెర్ట్జ్, బుడగలు చిన్నవి, దెబ్బ మెత్తన. మీరు పోసే పెద్ద మొత్తంలో ఎక్కువ వాటా నీళ్లు నింపడం, వడకట్టడం, ఫ్యానుతో ఆరబెట్టడం తనంతట తాను చేసుకునే సౌకర్యానికే.

అమ్మేవాళ్లు పెద్దగా చెప్పని సంగతి ఒకటుంది. ఫ్యాను నీళ్లను మాత్రమే ఆరబెడుతుంది. నీళ్లలో కరిగి ఉన్నదేదైనా రికార్డు మీదే మిగులుతుంది. అందుకే బాగా మురికి రికార్డును నేరుగా అందులో వేయకూడదు, ముందు చేత్తో కడగాలి. సబ్బు తక్కువ, నీళ్ల మార్పు ఎక్కువ.

సొంతంగా అమర్చుకుంటే 6 లీటర్ల ట్యాంకు, నెమ్మదిగా తిప్పే మోటారు. రికార్డుకీ రికార్డుకీ కనీసం 25 మి.మీ. ఎడం ఉండాలి, ఒకేసారి మూడుకు మించొద్దు. దగ్గరగా గుచ్చితే మధ్యలోకి బుడగలు చేరవు. డిస్టిల్డ్ వాటర్‌లో 1 నుంచి 2 మి.లీ. టెర్జిటాల్ వేస్తే తలతన్యత తగ్గి నీళ్లు గాడిలోకి దిగుతాయి. రికార్డులు పెట్టకముందే ట్యాంకును పది నిమిషాలు నడిపి నీళ్లలో కరిగిన గాలి పోనివ్వండి. ఆ తర్వాత పది నిమిషాల కడుగు చాలు. వేడి 30 నుంచి 35 డిగ్రీలు, 40 దాటనివ్వకండి. హీటర్ ఆపినా కంపనాల వల్లే నీళ్లు వేడెక్కుతాయి, థర్మామీటరు తప్పనిసరి. వేడి హద్దు మీరితే రికార్డు వంకర తిరుగుతుంది, దానికి మందు లేదు. ఆల్కహాల్ ఎక్కువగా పోయొద్దు, వేడి ట్యాంకు మీద ఆవిరి అంటుకునే ప్రమాదం. బుడగలు అంతటా పుడుతున్నాయో లేదో చూడాలంటే అల్యూమినియం రేకును అరనిమిషం నిలువుగా ముంచండి, చిల్లులు అంతటా సమానంగా పడాలి.

మీ లెక్కకి వద్దాం. వ్యాక్యూమ్‌తో రెండు వైపులా కడిగి తొలవడానికి రికార్డుకు ఆరు నిమిషాలనుకుందాం. నాలుగు వందలకు 40 గంటలు. రోజుకు ఐదారు చొప్పున రెండు మూడు నెలల్లో తెమిలిపోతుంది, ఆ తర్వాత కొత్తగా వచ్చేవి మాత్రమే. కాబట్టి మీకు వ్యాక్యూమ్ చాలు. నెలకు యాభై అరవై పాత రికార్డులు తెచ్చుకునేవాడికీ, మెషీన్ పక్కన నిలబడలేనివాడికీ అల్ట్రాసోనిక్ అర్థవంతం. డబ్బు సమస్య కాకపోతే రెండూ ఉంచుకోవచ్చు: చేత్తో కడిగి, బుడగల్లో వేసి, చివర్లో ఉత్త నీళ్లతో జాడించి వ్యాక్యూమ్‌తో పీల్చడం. అంతకు మించిన శుభ్రత ఇంట్లో సాధ్యం కాదని నా అభిప్రాయం.

పాతగాడి
ముందు రెండో తొట్టె పరీక్ష చేస్తానండీ. వ్యాక్యూమ్ కొంటే లక్క రికార్డులను కూడా అందులోనే కడగొచ్చా?

తడిబ్రష్
కడగొచ్చు గానీ ఆల్కహాల్ చుక్క కూడా తగలకూడదు, లక్క కరిగిపోతుంది. పైన చెప్పిన టెర్జిటాల్ నీళ్లే, నానబెట్టకుండా వెంటవెంటనే పీల్చేయండి. అంచున పగులున్నవాటిని తడపకండి. లోపల అట్ట ఉన్న చవక రకాలనూ, ఎడిసన్ డైమండ్ డిస్కులనూ (ఎడిసన్ కంపెనీ పాత మందపాటి రికార్డులు) అసలు తడపొద్దు, తడి లోపలికి దిగితే ఉబ్బి పై పొర లేచిపోతుంది. 78లకు వాడిన బ్రష్షూ వెల్వెటూ ఎల్పీలకు వాడకండి. ఆ గాడుల్లోంచి వచ్చే గరుకు పొడి వినైల్‌ను గీస్తుంది. కడిగినవి ఏవైనా పావుగంట నిలబెట్టి, కొత్త పాలిథీన్ లోపలి కవర్లలోనే పెట్టండి.